మన్యం గుర్రానికి ఇంత అన్యాయమా?

అరకు కాఫీ ఇవాళ తెలుగువాళ్లందరికీ గర్వకారణం. 2017లో పారిస్‌లో ఆ పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024లో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో మెచ్చుకున్నారు. సంతోషం. మట్టిని పొగిడాం, మంచును పొగిడాం, కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను పొగిడాం, ఆలస్యంగానైనా పండించిన గిరిజన రైతును కూడా పొగిడాం. మరి బండి చక్రం ఎరగని వాలుల మీంచి ఆ బస్తాలను వీపున దించిన గుర్రం సంగతేమిటి? ఇన్ని సభలు జరిగాయి కదా, ఇన్ని శాలువాలు కప్పారు కదా, ఒక్క వేదిక మీదైనా దాని ఊసు ఎత్తారా?

అల్లూరి సీతారామరాజు జిల్లాలో జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, హుకుంపేట మండలాల లోపలి గూడేలకు ఒకసారి వెళ్లండి. తారు ఆగిపోయిన చోట కాలిబాట మొదలవుతుంది. రేషన్ బియ్యం, ఉప్పు, నూనె పైకి పోవాలన్నా, కాఫీ, మిరియాలు, పసుపు కిందికి రావాలన్నా ఆ బాట మీద నమ్ముకోదగ్గవి రెండే దిక్కులు: మనిషి భుజాన కావిడి, లేదంటే గుర్రం వీపు. గుర్రాల పెంపకమంటే మన కళ్ల ముందు సినిమాల్లోని పెద్ద పెద్ద మైదానాలు మెదులుతాయి. ఇక్కడ ఉన్నది ఇంటి పక్కన ఒక పాక, అందులో ఆవులతోపాటే కట్టిన ఒకటి రెండు పొట్టి గుర్రాలు, ఎదుట చోడి (రాగి) చేను, పైన కాఫీ తోట. ఏడాది పొడుగునా ఆ ఇంటి బతుకు ఆ గుర్రం కాళ్ల మీదే నడుస్తుంది.

కార్తీకం వెళ్లి మంచు దిగేసరికి కాఫీ పండు ఎర్రబడుతుంది. కోసిన పండుకు ఆ రోజే తొక్క తీయాలి. రాత్రంతా బస్తాలో మగ్గితే పులుస్తుంది. పులిస్తే గింజకు చెడు వాసన పడుతుంది. వాసన పడితే ధర కూలిపోతుంది. పారిస్‌లో కప్పు ముందు కూర్చున్నవాడు మెచ్చుకునే రుచి అంతా ఈ షరతు మీద నిలిచి ఉంది. సాయంత్రం త్వరగా చీకటిపడే ఆ కొండల్లో, మంచుకు తడిసిన రాళ్ల మీద ఆ షరతును నిలబెడుతున్నది ఎవరు? తెల్లవారకముందే లేచి గోనెపట్టాలు మడతలు పెట్టి వీపున పరుస్తారు. బరువు రెండు పక్కలా సమంగా తూగేట్టు కడతారు. ఒక పక్క కాస్త ఎక్కువైనా దిగువకు దిగేటప్పుడు వీపు ఒరుసుకుని పుండు పడుతుంది. పంట చేతికొచ్చే రోజుల్లో గుర్రానికి పుండు పడితే ఆ ఇంటి సంపాదన ఆగిపోయినట్టే. కాబట్టే పొద్దుగూకి ఇల్లు చేరాక తమ కూటికన్నా ముందు దాని వీపు తడిమి చూసుకుంటారు.

సంక్రాంతి దాటాక కూడా దానికి తీరిక లేదు. మిరియాలు దిగుతాయి. పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి సంతకు పంపాలి. కొండచీపుర్లు, చింతపండు వాటి వెనకే వస్తాయి. ఎండ ముదిరే కొద్దీ గడ్డి పలచబడుతుంది, ఊట చెలమలు అడుగంటుతాయి. గుర్రం ఆవులా ఒక్కసారి మేసి తీరిగ్గా నెమరువేసే జంతువు కాదు. దాని పొట్ట చిన్నది, రోజంతా కొద్దికొద్దిగా మేస్తూనే ఉండాలి. పగలంతా బరువు మోసే గుర్రం ఎప్పుడు మేయాలి? అందుకే ఇంట్లోని పిల్లలు పొద్దున్నా సాయంత్రమూ గెడ్డ (కొండవాగు) ఒడ్డున పచ్చిక ఉన్న చోటికి దాన్ని తోలుకుపోతారు. ఇంటి ఆడవాళ్లు తమ బిందెతోపాటు దాని నీళ్లూ మోస్తారు. చేతిలో నాలుగు ఉలవలుంటే దానికీ పెడతారు.

ఆషాఢంలో గెడ్డలు పొంగుతాయి. అంతవరకు ఎలాగో ఎక్కిన మోటారుసైకిల్ కూడా బురదలో కూరుకుపోతుంది. ఆ వానాకాలంలో గూడేనికి తిండిగింజ చేరాలన్నా, జ్వరంతో మూలుగుతున్న మనిషి దిగువకు చేరాలన్నా గుర్రమే గతి. దానికి జబ్బు చేసేదీ అప్పుడే. నానిన నేల మీద నిలబడి నిలబడి గిట్టల అడుగు మెత్తబడి కుళ్లుతుంది. జోరీగలు కుట్టి సర్రా అనే జబ్బును అంటిస్తాయి. విడిచి విడిచి జ్వరం వస్తుంది, నెత్తురు సన్నగిల్లుతుంది, నడక తూలుతుంది. మందు ఉన్న జబ్బే అది, సకాలంలో వేస్తే బతుకుతుంది. కడుపునొప్పి వస్తే మరీ ఘోరం. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ గంటల్లో వాన కురిసే కొండ మీదికి సూది పట్టుకుని ఎవరు వస్తారు? మన పశువైద్యం ఆవు చుట్టూ, గేదె చుట్టూ, గొర్రె చుట్టూ, కోడి చుట్టూ తిరుగుతోంది. వాటికి చేయవద్దని ఎవరూ అనరు. గుర్రం మాత్రం ఏం పాపం చేసింది?

ఒక గుర్రం పోతే ఇంకొకటి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో పాలకులకు తెలుసా? ఆడగుర్రం పదకొండు నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. ఆ పిల్ల ఎముక ముదిరి బరువుకు సిద్ధం కావడానికి మూడు నాలుగేళ్లు కావాలి. అంతవరకు తల్లి వెంట ఖాళీ వీపుతో నడుస్తూ ఏ రాయి జారుతుందో, గెడ్డను ఏ రేవున దాటాలో నేర్చుకుంటుంది. డబ్బు పోసి కొన్నా ఆ చదువు ఒక్క రోజులో రాదు. ఒక పెంపకందారు గుర్రాన్ని పోగొట్టుకోవడమంటే ఎద్దును, బండిని, దారి తెలిసిన తోడును ఒక్కసారే పోగొట్టుకోవడం.

మనమేమీ గుర్రం విలువ తెలియని వాళ్లం కాదు. విజయనగర ప్రభువు ఏటా 13,000 హొర్ముజ్ గుర్రాలను కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. సముద్రం మీద చచ్చే గుర్రాలకు కూడా లెక్కగట్టి డబ్బు చెల్లించిన రాజ్యమది. మన భాషలో మనుమంచిభట్టు 'హయలక్షణ విలాసము' పేరుతో గుర్రాల లక్షణాలకే ఒక గ్రంథం రాశాడు. గుర్రం మీద పద్యకావ్యం రాసేంత శ్రద్ధ ఒకనాడు తెలుగు కవికి ఉండేది! తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో నాటి రాత్రి మలయప్పస్వామి అశ్వవాహనం మీద ఊరేగుతుంటే లక్షల చేతులు జోడిస్తాం. ఆ వాహనపు గుర్రానికి దక్కిన దండాల్లో ఒక్కటైనా, కాఫీ బస్తా కింద నడుం వంగిన ఈ బతికున్న గుర్రానికి దక్కిందా?

ఈనాటి లెక్క వినండి. 2012 పశుగణనలో దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 6.25 లక్షలు. 2019 గణన నాటికి 3.4 లక్షలు. ఏడేళ్లలో 45 శాతం పైగా కరిగిపోయాయి. పులుల సంఖ్య ఇలా పడిపోతే దేశం గగ్గోలు పెట్టేది. గుర్రం పడిపోతే పత్రికలో ఒక మూల వార్త. మలక్‌పేట పందెం గుర్రానికి వంశవృక్షం ఉంటుంది, నమోదు పుస్తకం ఉంటుంది, తుమ్మితే వైద్యుడు ఉంటాడు. నిమిషాల్లో ముగిసే పరుగుకు ఇంత వైభవం! ఏడాది పొడుగునా మనుషుల కడుపు నింపే గుర్రానికి పేరు రాసే కాగితమైనా లేదు. ఇదేం న్యాయం?

మహారాష్ట్రను చూసి సిగ్గుపడాలి మనం. పుణె ప్రాంతపు సంచార గొర్రెల కాపరులు తమ సంసారాన్ని మోయించుకునే భీంథడి గుర్రానికి దేశవాళీ జాతిగా గుర్తింపు దక్కింది. మార్వాడీ, కాఠియావాడీ, జన్‌స్కారీ, మణిపురి గుర్రాల సరసన ఇప్పుడు దాని పేరు ఉంది. ఆ పట్టికలో మన్యం గుర్రం లేదు. అది వేరే జాతా, మిశ్రమమా అన్నది శాస్త్రజ్ఞులు తేల్చాల్సిన విషయం. తేల్చడానికి హిసార్‌లో 1985 నుంచి జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. రండి, చూడండి, కొలవండి అని వాళ్లను పిలవాల్సిన బాధ్యత ఎవరిది?

డబ్బు లేదనకండి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం జాతీయ పశుసంపద మిషన్‌ను సవరించి గుర్రాల పెంపకానికి 50 శాతం పెట్టుబడి రాయితీ, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల దాకా ఇస్తామంది. స్వయం సహాయక సంఘాలకూ అర్హత ఇచ్చింది. పశు బీమాలో రైతు కట్టాల్సిన వాటాను 15 శాతానికి తగ్గించింది. కానీ ఒక్క గుర్రం, అరెకరం చోడి చేను ఉన్న కొండదొర కుటుంబం ఏ ప్రాజెక్టు నివేదిక రాయించుకుని ఏ బ్యాంకు మెట్లు ఎక్కాలి? మీ పథకం దిగువన ఆగిపోతే, దాన్ని కూడా గుర్రం మీదే పైకి చేర్చాలా?

"రోడ్డు వస్తే గుర్రంతో పనేముంది?" అని తేలిగ్గా అనేసేవాళ్లున్నారు. రోడ్డు రావాలి. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే దుర్గతి పోవాలి. అందులో రెండో మాటకు తావు లేదు. అయితే ఎన్నేళ్లుగా రోడ్డు వస్తుందంటున్నారు? అది వచ్చేదాకా ఆ గూడేలకు ఊపిరి పోస్తున్నది ఏది? పోనీ, రోడ్డు గూడెం దాకా వచ్చిందే అనుకుందాం. గూడెం పైన ఉన్న తోట వాలు చదునైపోతుందా? ట్రాక్టరు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నిలువుగా పైకి ఎక్కుతుందా? తోట నుంచి రోడ్డు దాకా మోసేది అప్పుడూ గుర్రమే. ఆ పెంపకం ఈలోగా చచ్చిపోతే ఆ బరువు మళ్లీ ఎవరి తల మీద పడుతుందో తెలుసా? ఆ ఇంటి ఆడమనిషి తల మీద.

పశుసంవర్ధక శాఖ పెద్దల్లారా! మన్యంలో గుర్రాలెన్నో గూడెం గూడెం తిరిగి లెక్కపెట్టండి. వారపు సంతల్లో గుర్రాలకు వైద్య శిబిరం పెట్టండి. అవి అక్కడికి నడిచే వస్తున్నాయి, మీరు రావడమే తరువాయి. తొలకరికి ముందే సర్రా మందు, ధనుర్వాతం టీకా చేరవేయండి. గూడెం కుర్రాళ్లకు గిట్టల సంరక్షణ, పుండ్ల చికిత్స నేర్పండి. బీమా కాగితం మీరే తీసుకెళ్లి రాయించండి. కాఫీ అమ్మి పేరు తెచ్చుకుంటున్న సంస్థలారా! మీ ఆదాయంలో ఒక పిసరు ఆ గుర్రాల దాణాకు, మందుకు కేటాయించండి. మీరు అమ్ముతున్న రుచిని చెడకుండా దించింది అవే.

ఇది దయ చూపమని అడుగుతున్న మాట కాదు. అరకు కాఫీకి దక్కిన గౌరవంలో, డబ్బులో మన్యం గుర్రానికీ, దాన్ని కన్నబిడ్డలా సాకుతున్న గిరిజన కుటుంబానికీ వాటా ఉంది. ఆ వాటాను ఇన్నాళ్లూ మనం ఎగ్గొట్టాం. ఇకనైనా చెల్లించండి.