సద్దులయ్యాక ఆ లైట్లు ఎక్కడికి పోతాయి?

మాది పిట్లం. హాస్టల్‌లో ఉన్నా బతుకమ్మకు మాత్రం ఇంటికి పోవాల్సిందే. పోయినసారి పోయినప్పుడు జరిగిన ఒక చిన్న విషయం నా మనసులోంచి పోతలేదు. అందుకే ఇది రాస్తున్నా.

మా వాడకట్టు ముందు ఒక ఖాళీ జాగ ఉంది. బతుకమ్మ వస్తుందంటే ముందే అక్కడ గడ్డి కోస్తారు, గుంతల్లో మొరం పోస్తారు, స్తంభానికి పెద్ద లైటు కడతారు. తొమ్మిది రోజులు మా నాయనమ్మ నుంచి మూడేళ్ళ పిల్ల దాకా అందరం రాత్రి తొమ్మిదిన్నర వరకు అక్కడే ఉంటాం. ఎవరికీ భయం ఉండదు.

సద్దుల బతుకమ్మ అయిన మూడో రోజు, పొద్దుగూకినంక అదే జాగ దాటి మెడికల్ షాపుకు పోవాల్సి వచ్చింది. లైటు తీసేసిన్రు. గట్టు మీద నలుగురైదుగురు కూర్చున్నట్టు తెలుస్తోంది గానీ మొహాలు కనబడతలేవు. నాకు గుండె దడ. వెనక్కి తిరిగి, వేరే గల్లీ నుంచి చుట్టూ తిరిగి పోయిన. ఇంటికొచ్చాక అమ్మ అన్నది ఒకటే మాట: "చీకటి పడకముందే పోయి రావాలె గద బిడ్డా."

రాత్రి అన్నం తినేటప్పుడు తెలిసింది, ఆ గట్టు మీద కూర్చున్నది మా తమ్ముడు, వాడి దోస్తులేనని! అందరూ నవ్విన్రు, నేనూ నవ్విన. కానీ తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఒక్క లైటు ఉంటే నా తమ్ముణ్ణి నేను గుర్తుపట్టేదాన్ని కదా.

అమ్మ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ రూల్ లెక్క ఒకసారి చూడండి. జూన్‌లో మన దగ్గర దాదాపు ఏడింటి దాకా పొద్దు ఉంటుంది. నవంబర్ వచ్చేసరికి ఆరు కాకముందే గూకుతుంది. అంటే "చీకటి పడకముందే" అనే రూల్ వల్ల నా రోజు గంటకు పైగా చిన్నదైపోతుంది. తమ్ముడి రోజు మాత్రం అట్లనే ఉంటుంది.

నిజంగా సమస్య చీకటేనా? ఎంగిలిపూల బతుకమ్మ వచ్చేది అమావాస్య నాడు. చందమామే లేని రాత్రి మనం ఆట మొదలుపెడతాం. అయినా భయం లేదు. ఎందుకంటే ఆ రోజు అక్కడ మూడు ఉంటాయి: వెలుతురు, శుభ్రం చేసిన నేల, మనుషులు. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లో రాసిన పుస్తకంలో, వీధిని కాపాడేది ముందుగా అక్కడ తిరిగే మామూలు మనుషుల కళ్ళే అని వాదించింది. మన ఆడోళ్ళు గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆటలో ఆ కళ్ళు అన్ని దిక్కులా ఉంటాయి.

భయం మనుషుల గురించే కాదు. వానలు పడ్డాక గడ్డి మోకాళ్ళ దాకా పెరుగుతుంది. కట్లపాము తిరిగేదే రాత్రిపూట. గడ్డి కోసి, దారి కనబడితే ఆ ప్రమాదం కూడా తగ్గుతుంది.

మనం సీఎస్ వాళ్ళం కాబట్టి వెంటనే "యాప్ చేద్దాం" అంటాం. ఉన్నాయి కదా! 2014లో షీ టీమ్స్ వచ్చాయి, 2024లో టీ-సేఫ్ వచ్చింది, 112 ఉంది. అన్నీ కావాల్సినవే. కానీ ఫోన్ తీయాల్సిన అవసరమే రాకుండా చేసేది స్తంభం మీది బల్బు. వీధిలైట్ల బాధ్యత గ్రామ పంచాయతీది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. మనలో ఎంతమందిమి ఒక్కసారైనా పోయినం? నేనైతే పోలేదు.

ఖర్చు ఎవరు పెడతారు అని అడగొచ్చు. తొమ్మిది రోజులకు లైటు కట్టే చందా దొరికినప్పుడు, ఒక్క ఎల్‌ఈడీని ఏడాదంతా ఉంచడానికి దొరకదా? లైటు ఒక్కటే చాలదు, నిజమే. ముసలోళ్ళు కూర్చోవడానికి ఒక అరుగు, పిల్లలు షటిల్ ఆడటానికి ఒక గీత గీసిన కోర్టు ఉంటే మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

ఇది చదివే అబ్బాయిలకు ఒక మాట. గట్టు మీద కూర్చోవద్దని నేను అనను, ఆ జాగ మీది కూడా. కానీ చీకట్లో ఎవరైనా ఆగి వెనక్కి తిరిగితే, అది మీ అక్క అయ్యుండొచ్చు. మా తమ్ముడికి ఇదే చెప్పిన. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "లైటు తీసేటోళ్ళలో నేనూ ఉన్నా అక్కా" అన్నాడు.

ఈసారి సద్దులకు ఇంటికి పోతే మీ ఊళ్ళో కూడా చూడండి. బతుకమ్మలను చెరువులో వదిలి వచ్చాక, ఆ లైటు విప్పడానికి ఎవరైనా నిచ్చెన వేస్తే ఒక్క మాట అడగండి: "అన్నా, దాన్ని ఉండనియ్యరాదే?"