మట్టిలో దొరికిన ఇనుము – మన కర్తవ్యం

పొలం దున్నినప్పుడో, బావి తవ్వినప్పుడో, ఇంటికి పునాది తీసినప్పుడో ఒక్కొక్కసారి పాత లోహపు ముక్క బయటపడుతుంది. దానిని చేతిలోకి తీసుకున్నవానికి మొదట తోచే ప్రశ్న "ఇది ఎంత చేస్తుంది?" అన్నది. చదువుకున్నవాడైతే "ఇది ప్రాచీనమైనదేనా?" అని కూడా అడుగుతాడు. "ఇది ఎక్కడ, ఎంత లోతున, దేని ప్రక్కన పడి ఉన్నది?" అనే మూడవ ప్రశ్న వేసేవారు అరుదు. ఈ మూడవ ప్రశ్నకు సమాధానం లేనిదే రెండవ దానికి సమాధానం లభించదని నా దృఢాభిప్రాయం.

ఓర్వకల్లు ప్రాంతానికి ఈ విషయం నేడు అత్యవసరమైనది. ఈ మండలంలోని కేతవరం గుహలలో ఆదిమానవుల చిత్రాలు కలవు. బేతంచెర్ల సమీపాన ఉన్న బిల్లసర్గం గుహలను గూర్చి న్యూబోల్డు 1844లోనే వ్రాసినాడు. రాబర్టు బ్రూస్ ఫుట్ 1884–85లో అక్కడ త్రవ్వకాలు జరిపించినాడు. పత్తికొండ ప్రాంతపు ఎర్రగుడిలో అశోకుని శాసనాలను 1929లో గుర్తించినవాడు అనూఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఊరివారు తరతరాలుగా చూస్తున్న బండలే అవి. చూచే కన్ను మారగానే అవి చరిత్ర అయినవి. ఇంతటి నేలను నేడు యంత్రాలు తిరగవేస్తున్నవి. విమానాశ్రయం 2021లో ప్రారంభమైనది. గని, శకునాల పరిసరాలలో సౌర విద్యుత్ కేంద్రం వెలసినది. పరిశ్రమలకై భూములు చదును అవుతున్నవి. అభివృద్ధి కావలసినదే, సందేహం లేదు. కాని ఎద్దుల నాగలి జానెడు మట్టిని కదిలించేది. యంత్రం ఒక్క పూటలో వేయి సంవత్సరాల పొరలను కలగాపులగం చేయగలదు. ఆ మట్టిలో దొరికిన ముక్క నేరుగా పాత ఇనుప సామాను దుకాణపు తరాజుకు చేరుతున్నది.

దొరికిన వస్తువు పురావస్తువు అవునా, కాదా అని నిర్ణయించడంలో సామాన్యంగా కొన్ని పొరపాట్లు జరుగుతుంటవి. తుప్పు ఎక్కువగా ఉంటే పాతదని అనుకుంటారు. చవిటి నేలలో నిన్నటి మేకు కూడా కొద్ది ఏండ్లలో పొట్టు రాలిపోతుంది. ఢిల్లీలోని మెహ్రౌలీ ఇనుప స్తంభమో సుమారు 1600 సంవత్సరాలుగా నిలిచియే ఉన్నది. అయస్కాంతం వస్తువులో ఇనుము ఉన్నదని చెప్పగలదే గాని, వయస్సు చెప్పలేదు. ఆకారం కూడా మోసగించవచ్చు. నాగటి కర్రు, గడ్డపార, కొడవలి రూపాలు శతాబ్దాల తరబడి పెద్దగా మారలేదు. సమమైన మరచుట్లు, అతుకు గీతలు, అచ్చువేసిన అంకెలు కనిపిస్తే అది యంత్రయుగపు వస్తువని తెలుసుకొనవచ్చును. సుత్తి దెబ్బల పొరలు కనిపిస్తే కమ్మరి కొలిమి పని అనవచ్చును. అది ఏ కాలపు కమ్మరి పని అన్నది మాత్రం అంతటితో తేలదు.

ఇక్కడ ఇనుప చిట్టెం గూర్చి ఒక మాట చెప్పవలెను. బుడగల రంధ్రాలతో, గాజువంటి నల్లని నిగారింపుతో, బరువుగా ఉండే ఈ గడ్డలను పనికిమాలినవని అందరూ విసరివేస్తారు. నిజానికి అది మానవ శ్రమకు నికరమైన సాక్ష్యం. రాతి నుండి లోహాన్ని కరగించిన చోటనే చిట్టెం మిగులుతుంది. చక్కని కత్తి ఎక్కడి నుండియైనా కొని తెచ్చినది కావచ్చును. చిట్టెపు కుప్పను మాత్రం ఎవడూ దూరదేశం నుండి మోసుకొని రాడు. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రంలో తయారైన మేలిమి ఉక్కు పశ్చిమాసియా విపణులకు ఎగుమతి అయిన కథకు ఇటువంటి అవశేషాలే ఆధారాలు.

వస్తువు కంటె దాని స్థానం విలువైనది అనుటకు ఇటీవలి నిదర్శనం తమిళనాడులోని శివగళై. అక్కడి ఇనుము క్రీస్తుపూర్వం నాలుగవ సహస్రాబ్ది నాటిదని 2025 జనవరిలో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినది. పండితులలో దీనిపై చర్చ సాగుతున్నది. మనం గమనించవలసినది ఒక్కటే. ఆ వయస్సును చెప్పినది ఇనుము కాదు. దానితోపాటు దొరికిన బొగ్గు, కుండపెంకులు. ఇనుమును మాత్రమే ఏరుకొని, బొగ్గును దులిపివేసి ఉంటే ఆ చర్చకే తావుండేది కాదు.

మన నగర చరిత్రనే చూడండి. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు కూడబెట్టుచున్నాడని అనుమానించి, 1839లో కంపెనీవారు కోటను సోదా చేసినారు. ఫిరంగులు, మందుగుండు విస్తారంగా బయటపడినవి. ఆ సంవత్సరం అక్టోబరు 18న జొహరాపురం వద్ద పోరు జరిగినది. నవాబును తిరుచిరాపల్లికి తరలించినారు. 1840లో అక్కడనే ఆయన హత్యకు గురియైనాడు. ఒక సంస్థానమే అంతరించినది. జొహరాపురపు మట్టిలో రేపు ఒక ఇనుప గుండు దొరికినదనుకొందాం. స్థానం తెలిస్తే అది ఆ దినానికి సాక్షి. తెలియకపోతే తూకపు రాయి. అటువంటి గుండు బోలుగా ఉండి లోపల మందు మిగిలి ఉండవచ్చును గనుక దానిని సుత్తితో కొట్టరాదన్న జాగ్రత్త కూడా అవసరం.

ఉర్దూ, తెలుగు రెండునూ చదువుకొనే మన కళాశాలకు ఈ పనిలో ఒక ప్రత్యేకత కలదు. 1807 తరువాత కంపెనీవారు చెన్నపట్టణంలో ముద్రించిన పావు వరహా వెండి నాణెంపై ఇంగ్లీషు, పారసీ, తమిళం, తెలుగు అక్షరాలు నాలుగునూ ఉన్నవి. ఒక్క లిపి తెలిసినవాడు దానిని సగమైనా చదువలేడు. నాణెంపై 1255 అని ఉంటే అది క్రీస్తుశకం కాదు. హిజరీ అయితే 1839–40 అవుతుంది. 1215 అన్న సంఖ్య హిజరీ లెక్కన 1800–01 కాగా, టిప్పు సుల్తాన్ ప్రవేశపెట్టిన మౌలూదీ లెక్కన 1787 ప్రాంతం అవుతుంది. శాసనాలలోని శక సంవత్సరానికి 78 కలుపుకొనవలెను. ఉర్దూ విద్యార్థీ తెలుగు విద్యార్థీ ఒకే బల్లవద్ద కూర్చుంటేనే ఇటువంటి వస్తువు నోరు విప్పుతుంది.

దానికి శత్రువులు రెండు. మొదటిది శుభ్రత మీది మోజు. రాగిని చూడగానే చింతపండుతో తోమడం మన ఇండ్ల అలవాటు. ఆ పచ్చని చిలుముతో పాటు అక్షరాలు కూడా పోతవి. రెండవది నిధుల మీది వ్యామోహం. తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల సమక్షంలోనే నిధికై త్రవ్వకాలు మొదలైనవి. ఎముకలు, ఇటుకలు బయటపడినవి. ఆశించిన నిధి మాత్రం దొరకలేదు. బంగారం కోసం త్రవ్వేవాని కంటికి ఇటుక అడ్డంకి. చరిత్ర కోసం త్రవ్వేవానికి ఆ ఇటుకయే నిధి. శ్రీశైలం ఘంటామఠం జీర్ణోద్ధరణలో వెండి నాణేలు, రాగి రేకులు దొరికినప్పుడు వాటిని దాచక అధికారులకు తెలిపినందువలన ఆ శాసనాలు పండితుల కంటబడినవి.

"పేదవానికి ఇవన్నీ ఎందుకు? చెప్పితే పొలం పోతుంది, దుకాణంలో వేస్తే పూట గడుస్తుంది" అని కొందరంటారు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. అయితే 1878 నాటి నిక్షేపాల చట్టం, పది రూపాయలకు మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలుపవలెనని చెప్పుచూనే, కనుగొన్నవానికి వాటాను కూడా కల్పించినది. ప్రభుత్వం దానిని తీసుకొనదలచితే లోహపు విలువకు అయిదవ వంతు కలిపి చెల్లించవలెనన్నది. దాచినవానికి వాటా పోవుటయే గాక శిక్ష కూడా కలదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రకాసక్తి గల నూరేండ్ల వస్తువు పురావస్తువే. ఈ సంగతులు రైతుకు తెలియవు. అతనిని నిందించుట న్యాయం కాదు. తెలియజెప్పుట చదువుకున్నవారి విధి.

కనుక కళాశాల కమిటీవారికి నా మనవి ఇది. గ్రంథాలయంలో ఒక దొరికిన వస్తువుల రిజిస్టరు ఉంచవలెను. వస్తువును మనం తీసుకొనవలసిన పని లేదు, కొనరాదు కూడా. దొరికిన చోటు, లోతు, తేదీ, కొలత, బరువు, ప్రక్కన ఉన్న పెంకులు, బూడిద, ఎముకల వివరాలు వ్రాసికొని, స్కేలు ప్రక్కన పెట్టి ఫొటో తీసి, పురావస్తు శాఖకు పంపితే చాలును. వ్రాత రెండు భాషలలోనూ ఉండవలెను. ఖర్చు ఒక పుస్తకం, ఒక టేపు మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! సెలవులకు మీ ఊళ్లకు వెళ్లినప్పుడు తుప్పు పట్టిన ముక్క కంటబడితే పెరికి తీయకండి, తోమకండి, విరిచి చూడకండి. ముందు అది ఉన్న చోటును వ్రాసికొనండి. అది చివరకు బండి చక్రపు పట్టా అని తేలినను నష్టం లేదు. బండి పట్టా అని నిశ్చయంగా చెప్పగలుగుట కూడా జ్ఞానమే. చూడక, అడుగక తరాజులో వేసిన దానిని గూర్చి మాత్రం ఇక ఎన్నటికీ ఎవరూ ఏమియు చెప్పజాలరు.