కెమెరా కొనేముందు వైరు లెక్క కట్టండి

బోరు కాడ కేబుల్ కోసుకుపోయారన్న మాట వినని ఊరు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి లోపలి రాగి తీగ ఎత్తుకెళితే, ఆలస్యమైనా కరెంటు సంస్థ మరొకటి బిగిస్తుంది. స్టార్టరు నుంచి బోరులోకి దిగే కేబుల్ పోతే మాత్రం ఆ ఖర్చంతా రైతుదే. దొంగకు పాత ఇనుపసామాన్ల కొట్లో దక్కేది కొద్ది డబ్బు. మనకు పోయేది కేబుల్ ఖరీదు, మెకానిక్ కూలి, ఆపైన రెండు తడులు తప్పి వాడిపోయిన పైరు. అందుకే ఎకరం, రెండెకరాల రైతులు సైతం సీసీ కెమెరాల కోసం పట్నం దుకాణాల మెట్లెక్కుతున్నారు.

ఆ ఆలోచనలో తప్పు లేదు. ఐతే బేరమంతా కెమెరా చుట్టూనే తిరుగుతోంది. ఎన్ని మెగాపిక్సెళ్లు, రాత్రిపూట ఎంత దూరం కనిపిస్తుంది అని అడుగుతున్నామే గాని, ఇంటికీ బోరుకూ ఎన్ని మీటర్లు, కరెంటు ఎక్కడినుంచి తెస్తారు అని అడగడం లేదు. పొలంలో కెమెరా నిలిచేదీ ఆగేదీ ఈ రెండిటి మీదే. ముందు వైరు, కరెంటు లెక్క తేలాలి. కెమెరా ఎంపిక ఆ తర్వాతి పని.

పగలు పనిచేసి రాత్రి ఆగిపోతుంది

డ్రిప్పు వేసిన రైతుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. సన్నటి లాటరల్ పైపు మరీ పొడవు లాగితే చివరి చెట్టుకు నీళ్లు అందవు. వైరులో కరెంటు కూడా అంతే. వైరు పొడవయ్యే కొద్దీ, సన్నమయ్యే కొద్దీ వోల్టేజి దారిలోనే తరిగిపోతుంది.

ఒక లెక్క చూడండి. ఇంటి నుంచి బోరు 200 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు మందం రాగి వైరు మీద 12 వోల్టులు పంపారు. పోను, రాను కలిపి 400 మీటర్ల తీగ. దాని నిరోధం సుమారు 7 ఓములు. పగలు కెమెరా పావు ఆంపియరు తీసుకుంటే దారిలో 2 వోల్టుల లోపే పోతాయి, బొమ్మ వస్తుంది. చీకటి పడగానే కెమెరాలోని దీపాలు వెలిగి 0.6 ఆంపియరు దాకా అడుగుతుంది. అప్పుడు 4 వోల్టులకు పైగా దారిలోనే పోయి కెమెరాకు 8 వోల్టులు కూడా అందవు. కెమెరా ఆగి ఆగి వెలుగుతుంది, లేదా చచ్చిపోతుంది. దొంగ వచ్చేది ఆ వేళకే. బిగించిన మనిషేమో పగలొచ్చి, చూపించి, డబ్బు తీసుకుని వెళ్లి ఉంటాడు.

దూరాన్ని బట్టి దారి

టేపు పట్టి కొలవండి. అడుగుల అంచనా వద్దు. 90 మీటర్ల లోపైతే నెట్‌వర్క్ వైరు మీదనే బొమ్మ, కరెంటు రెండూ పంపే పీవోఈ పద్ధతి మేలు. దీనిలో దాదాపు 48 వోల్టులు పంపుతారు కనుక కరెంటు తక్కువ పారి, నష్టమూ తగ్గుతుంది. ఐతే ఈ పద్ధతికి మొత్తం 100 మీటర్లే హద్దు. వైరు కొనేటప్పుడు లోపలి తీగను బ్లేడుతో గీకి చూడండి. ఎర్రపూత కింద తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. దూరానికి పనికిరాదు.

100 మీటర్లు దాటితే రాగి మాట మరిచిపోవడం మంచిది. రాగిని కాపాడుకోవడానికి మరో 300 మీటర్ల రాగి పరిస్తే దొంగకు ఇంకో పంట వేసినట్టే. ఆప్టికల్ ఫైబరు గాజు తీగ. దీన్ని కోసుకుపోయినా అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. బొమ్మ కిలోమీటర్లు పోతుంది. లోపల లోహం లేని రకం తీసుకుంటే పొలంలో పడిన పిడుగు ఆ తీగ వెంట ఇంట్లోకి రాదు. అతికే పని ఊళ్లో కేబుల్ టీవీ ఆపరేటరుకు వచ్చే ఉంటుంది. గట్టు వెంబడి గొట్టంలో వేసి, నాగలి, రొటవేటరు తగలనంత లోతున పూడ్చండి. ఐతే ఫైబరు కరెంటు మోయదు. రెండు చివరలా కరెంటు కావాలి. ఫైబరు వేయలేని చోట సిమ్ కార్డు కెమెరా ఉంది. కొనేముందు బోరు కాడ నిలబడి మీ ఫోన్‌లో సిగ్నల్ చూసుకోండి. రీఛార్జి ఖర్చు నెలనెలా ఉంటుందని మరవొద్దు.

కరెంటు ఎక్కడిది?

వ్యవసాయ లైనుకు మన రాష్ట్రంలో పగలు 9 గంటలు కరెంటు. దాన్ని నమ్ముకుంటే రాత్రి కెమెరా ఉండదు. ఇంటి నుంచి 230 వోల్టుల వైరును కంచె రాళ్ల మీదుగా లాగే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. తొడుగు చిరిగిన రోజు మేకో, గొర్రో, మనింటి బిడ్డో బలవుతుంది.

దూరపు పొలానికి సోలారే దారి. సిమ్ కెమెరాకు సగటున 5 వాట్లు అనుకుంటే రోజుకు 120 వాట్ అవర్లు. ముసురు పట్టి రెండు రోజులు ఎండ లేకున్నా నడవాలంటే 240 కావాలి. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది. కాబట్టి 12 వోల్టుల 40 ఏహెచ్ బ్యాటరీ, 50 వాట్ల పలక తప్పవు. ఇంతకన్నా చిన్నది అంటగడితే ఎండాకాలంలో బాగానే ఉంటుంది, వానాకాలంలో చేతులెత్తేస్తుంది. పలక, బ్యాటరీ కూడా దొంగకు సొమ్మే. ఎత్తైన ఇనుప స్తంభానికి, మామూలు పానాకు ఊడని బోల్టులతో బిగించండి.

నలుగురూ కలిస్తేనే

ఇంత ఖర్చు ఒక్క బోరు కోసం సన్నకారు రైతు పెట్టడం నాకు సమ్మతం కాదు. అప్పు చేసి మరీ పెట్టొద్దు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న నలుగురైదుగురు రైతులు కలవండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, బండి వచ్చే బాట మొగదల, ఈ రెండు చోట్ల కెమెరాలుంటే చాలావరకు అందరి బోర్లకూ కాపలా అవుతుంది. బ్యాటరీ చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించి, ఖర్చు బోరుకింత అని పంచుకోండి. కరెంటు సంస్థ కూడా ఆలోచించాలి. పోయిన ట్రాన్స్‌ఫార్మర్లు మార్చే ఖర్చులో కొంత ఇలాంటి రైతు జట్లకు సాయంగా ఇస్తే ఇద్దరికీ లాభమే.

చివరిగా దుకాణందారుతో బేరం. దూరమెంత, వైరు రకమేది, బ్యాటరీ ఎన్ని ఏహెచ్, ఎన్నాళ్ల గ్యారంటీ అన్నవి బిల్లు మీద రాయించుకోండి. కొంత డబ్బు ఆపి ఉంచండి. రాత్రి పది గంటలకు మీరే కెమెరా ముందు నడిచి చూడండి. ఫోన్‌లో ముఖం గుర్తుపట్టేలా కనిపిస్తేనే మిగతా పైకం చేతిలో పెట్టండి.