గోధుమ ముద్దకి ఆయుర్వేదం ట్యాగ్ ఎందుకు?

ముందే చెప్పేస్తున్నా, సేటన్ మీద నాకు కోపం లేదు. మసాలా బాగా పట్టించి కరకరలాడేలా వేయిస్తే రెండు ప్లేట్లు తింటాను. నా గొడవంతా దాని పక్కన రాసే మాట గురించి. రీల్స్‌లో, ప్యాకెట్ల మీద, చివరికి మా ఫెస్ట్‌లో పెట్టిన ఫుడ్ స్టాల్ బోర్డు మీద కూడా అదే: "ఆయుర్వేదిక్ సాత్విక్ చికెన్". అది చికెన్ కాదని అందరికీ తెలుసు. ఆయుర్వేదం కూడా కాదని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

తెలియనివాళ్ళ కోసం: సేటన్ (మా హాస్టల్ వింగ్‌లో సైతాన్ అంటారు, అది వేరే విషయం) అంటే గోధుమ గ్లూటెన్. గోధుమపిండి ముద్ద కలిపి, కాసేపు నాననిచ్చి, నీళ్ళలో పిసుకుతూ కడుగుతుంటే తెల్లటి పిండి పదార్థం నీళ్ళతో పోతుంది. చేతిలో రబ్బరులా సాగే జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని ఉడికించి ముక్కలు కోస్తే నమిలేటప్పుడు మాంసంలా అనిపిస్తుంది. చైనా బౌద్ధ మఠాల వంటశాలల్లో ఇది వందల ఏళ్ళుగా ఉంది. సేటన్ అనే పేరు మాత్రం కొత్తది, 1960ల ప్రాంతంలో జపాన్‌కి చెందిన జార్జ్ ఒహ్సావా పెట్టింది. అంటే ఊరు చైనా, పేరు జపాన్. మధ్యలో ఆయుర్వేదం ఎక్కడ ఎక్కిందో నాకు అర్థం కాలేదు.

మనకీ గోధుమని కడగడం తెలుసు, కాకపోతే రివర్స్‌లో. అనకాపల్లి దగ్గర మాడుగుల హల్వా తిన్నారా? గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలతోనే హల్వా చేస్తారు. వాళ్ళు పాలు ఉంచుకుని పిప్పి వదిలేస్తారు. సేటన్ వాళ్ళు పాలు పారబోసి జిగురు ఉంచుకుంటారు. ఒకే గింజ, కానీ వచ్చినవి రెండు వేరే వేరే పదార్థాలు. ఈ తేడా గుర్తుంచుకోండి, పని ఉంది.

నాకు సంస్కృతం రాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, ఈ మ్యాగజైన్‌కి రాయడమే నాకు తెలుగు ప్రాక్టీస్. చరక సంహితని అనువాదంలోనే చదివాను, అదీ తిండి గురించిన భాగాలు మాత్రమే. సూత్రస్థానం 27వ అధ్యాయంలో ఆహారాన్ని 12 వర్గాలు చేశారు. మొదటి వర్గంలోనే గోధుమ ఉంది: తీపి, చలవ, జిడ్డు, బలం ఇస్తుంది, వాతం తగ్గిస్తుంది, గురువు. (గురువు అంటే ఇక్కడ మాస్టారు కాదు, అరగడానికి బరువు అని.) మూడో వర్గం ఏంటో ఊహించండి. మాంసం! అవును, చరకుడు మాంసాన్ని నిషేధించలేదు. జంతువులు ఎక్కడ బతుకుతాయి, ఎలా తింటాయి అనే లెక్కన ఎనిమిది రకాలుగా విడదీసి, దేని గుణం ఏంటో రాశాడు. మేక మాంసం మరీ చలవా కాదు, మరీ బరువూ కాదు, మన శరీర ధాతువులకి దగ్గరగా ఉంటుంది అంటాడు. "ఆయుర్వేదం అంటే శాకాహారం" అని చెప్పే రీల్ వాళ్ళెవరూ ఈ పేజీ దాకా రాలేదనుకుంటా.

సరే, గోధుమ మంచిదన్నాడు కదా, గోధుమ నుంచి వచ్చిన సేటన్ కూడా మంచిదేగా అంటారా? దీనికి జవాబు విమానస్థానం మొదటి అధ్యాయంలో ఉంది. తిండిని అంచనా వెయ్యడానికి అక్కడ ఎనిమిది విషయాలు చెప్పారు. వాటిలో రెండోది కరణం, అంటే వండే, మార్చే పద్ధతి. పద్ధతి మారితే గుణం మారుతుంది. వడ్లనే తీసుకోండి. పేలాలు చేస్తే తేలిక, అటుకులు చేస్తే బరువు. ఇన్‌పుట్ ఒకటే, ఫంక్షన్ వేరు, అవుట్‌పుట్ వేరు. చరకుడి జాబితాలో గోధుమ ఉంది, కడిగిన గోధుమ జిగురు లేదు. గోధుమకి ఇచ్చిన సర్టిఫికెట్‌ని దానికి అంటించడం కుదరదు.

నాకు అన్నిటికంటే నచ్చింది శారీరస్థానం ఆరో అధ్యాయం. శరీరంలో ఏ ధాతువు తగ్గితే దానిలాంటిదే తింటే పెరుగుతుంది, మాంసంతో మాంసం పెరుగుతుంది అంటూనే, ఒక మాట కలిపాడు. అది దొరకకపోయినా, అసహ్యం వల్లో ఇంకే కారణం వల్లో తినలేకపోయినా, అవే గుణాలు ఎక్కువగా ఉన్న వేరే పదార్థం వాడుకోవచ్చని. అంటే బదులు ఆహారం అనే ఐడియా ఆయన దగ్గర ముందే ఉంది! పైథాన్‌లో డక్ టైపింగ్ చదివాం కదా, బాతులా నడిచి బాతులా అరిస్తే బాతు కిందే లెక్క. మాక్ డక్ అమ్మేవాళ్ళు కూడా అదే చేస్తారు, కాకపోతే చూపు, నమలడం, రుచి చెక్ చేస్తారు. చరకుడు చెక్ చేసేది గుణాలని: జిడ్డు, బరువు, బలం. ముక్క చికెన్‌లా కనిపించాలన్న రూలు ఆయన దగ్గర లేనే లేదు. ఆ లెక్కన చూస్తే మినుములు (జిడ్డు, బరువు, బలం అని ఆయనే రాశాడు), నెయ్యి కలిసిన సున్నుండే మనకి అసలైన ఆయుర్వేదిక్ మీట్ సబ్‌స్టిట్యూట్. దాన్ని ప్యాకెట్‌లో పెట్టి ఆ పేరుతో ఎవడూ అమ్మడం లేదు, పోనీలెండి.

ఇంత సీరియస్ ఎందుకంటే, మా రూమ్మేట్ ఒకడు రీల్ చూసి గుడ్లు మానేశాడు. గ్లూటెన్ పౌడర్ తెప్పించుకుని రెండు పూటలా అదే. కడుపు ఉబ్బరం మొదలైతే, అది "శరీరం శుద్ధి అవ్వడం" అని ఆ రీల్‌లోనే చెప్పారట. గురువైన గింజలోంచి తేలిక భాగం తీసేసి, సాగే భాగం మాత్రమే తింటే కడుపు ఏమంటుందో చెప్పడానికి వైద్యుడు అక్కర్లేదు. పైగా గ్లూటెన్‌లో ప్రొటీన్ బాగా ఉన్నా (పొడిలో నూటికి 75 పాళ్ళ దాకా) లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అది పప్పుల్లో ఉంటుంది. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళైతే దీన్ని ముట్టుకోనే కూడదు.

ఇంకోటి. సాత్విక్ అనే మాట నా ప్లేట్‌కే కాదు, పక్కవాడి ప్లేట్‌కి కూడా మార్కులు వేస్తుంది. ఆదివారం మెస్‌లో చికెన్ లైన్లో నిలబడ్డవాడు తామసికం అయిపోతాడు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతం పైనే మాంసం తింటారు. వీళ్ళందరి మీదా స్టాంపు వేస్తున్నామా? చరకంలో రజస్సు, తమస్సు మనసుకి దోషాలు. తిండిని అలా మూడుగా విడదీసిన మాట మనకి ఎక్కువగా గీత 17వ అధ్యాయం నుంచి వచ్చింది. అక్కడా రుచులు, స్వభావాలు చెప్పారు గానీ కోడి, మేక అని పేర్లు లేవు.

జీవహింస ఇష్టం లేక మాంసం మానేస్తే, అది నిజంగా గౌరవించాల్సిన కారణం. ప్రాణాన్ని పెంచేవాటిలో అహింసే ఉత్తమం అని అదే చరక సంహిత 30వ అధ్యాయంలో ఉంది. అలాంటివాళ్ళు ఆ మాటే సూటిగా చెప్పొచ్చు, జీర్ణశక్తి కథలు అక్కర్లేదు. మన పెళ్ళిళ్ళలో పనసకాయ బిర్యానీ, ఇళ్ళల్లో మీల్ మేకర్ కూర ఎన్నేళ్ళుగా ఉన్నాయి! వాటిని ఎవరూ మందు అని వడ్డించలేదు. బాగుంటే ఇంకో గరిటె వేయించుకున్నాం, అంతే.

వచ్చే సెమ్ నుంచి మెస్‌లో సేటన్ పెడతారని టాక్. మెస్ కమిటీ వాళ్ళకి నా రిక్వెస్ట్: బోర్డు మీద "గోధుమ గ్లూటెన్ ఫ్రై" అని రాయండి, పడనివాళ్ళకి ఆ ఒక్క మాట చాలా అవసరం. దాన్ని చికెన్ పక్కన పెట్టండి, చికెన్ తీసేసి కాదు. ఆ రోజు పప్పు మాత్రం ఎత్తేయకండి, లైసిన్ అంతా అందులోనే ఉంది.