ఇంటి పైకప్పుకూ వేసవి తనిఖీ కావాలి

కర్నూలు, కడప జిల్లాల్లో మార్చి నెలాఖరుకే ఎండ 40 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. కోస్తా వాళ్లు రోహిణి కార్తెకు భయపడితే, సీమ వాసులు ఏప్రిల్‌ నుంచే ఉడికిపోతారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా హెచ్చరికలు పంపుతుంది. మధ్యాహ్నం ఇంటి పట్టునే ఉండండి, దాహం వేయకపోయినా నీళ్లు తాగండి అని వాటి సారాంశం. మంచి సలహాలే, ప్రాణాలు కాపాడతాయి కూడా. అయితే ఇంటి పట్టున ఉండమంటున్నవాళ్లు ఆ ఇల్లు ఎలాంటిదో అడగడం లేదు. సాయంత్రం నాలుగింటికి వేపచెట్టు నీడ కంటే లోపలి గదే వేడిగా ఉండే రేకుల ఇళ్లు, పలుచని శ్లాబు ఇళ్లు ఈ రెండు జిల్లాల్లో వీధివీధినా ఉన్నాయి.

2015 మే నెలలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఆ మాట ఎత్తగానే మనకు పొలంలో కూలీ, ఉపాధి పనికి వెళ్లిన ఆడమనిషి, రోడ్డు పక్క తోపుడు బండి గుర్తుకొస్తాయి. గదిలో మంచం పట్టిన ముసలివాళ్లు గుర్తుకు రారు. 1995 జులైలో షికాగో నగరంలో 739 మందిని, 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు 15 వేల మందిని వేడి బలి తీసుకుంది. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో ఒక సంగతి స్పష్టంగా తేలింది. నేరుగా పైకప్పు కిందే పడుకునేవాళ్లకు, చివరి అంతస్తులో ఉండేవాళ్లకు ముప్పు ఎక్కువ. మన ఊళ్లలో ఒంటి అంతస్తు ఇంట్లో ఉన్నవాళ్లంతా ఆ చివరి అంతస్తు వాళ్లే.

పైకప్పు గురించే ఎందుకింత పట్టు అంటే, కారణం ఆకాశంలో ఉంది. కడపలో ఏప్రిల్‌ ఆఖరున, కర్నూలులో మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు మధ్యాహ్నపు ఎండంతా మిద్దె మీదే పడుతుంది, దక్షిణపు గోడకు దాదాపు తగలదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు ఆ వేడిని మధ్యాహ్నమంతా తాగి, పొద్దుగూకిన తర్వాత కిందికి వదులుతుంది. రాత్రి పది గంటలకు ఫ్యాను కింద పడుకున్నా వేడిగాలే తగలడం అందుకే. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదని, మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

సీమలో పాత మట్టి మిద్దెలు ఈ లెక్క తెలిసి కట్టినవే. మందపాటి రాతి గోడలు, దూలాలు, వాటి మీద దంతెలు, పైన మట్టి, ఆ మట్టి మీద చౌడు. వెలుతురుకూ పొగకూ ఒక గవాచి. పగటి వేడి ఆ మట్టిని దాటి లోపలికి దిగేసరికి పొద్దు వాలిపోయేది. ఆ మిద్దెలను జనం ఊరికే వదులుకోలేదు. జడివాన పడితే అవి కూలేవి, నిద్రలోనే మనుషులు పోయేవాళ్లు. పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకునే ఏ తల్లయినా శ్లాబునే కోరుకుంటుంది, అది సబబే. కానీ శ్లాబు రావడంతో ఒక అలవాటు మాత్రం పోయింది. వానలకు ముందు ఇంటాయన మిద్దె ఎక్కి, ఎక్కడ నెర్రె విచ్చిందో, ఎక్కడ మట్టి జారిందో చూసి కొత్త చౌడు పరిచేవాడు. అది ఏటేటా జరిగే తనిఖీ. ఇప్పుడు మిద్దె ఎక్కేది నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూడటానికే.

ఆ అలవాటు మళ్లీ రావాలి. శివరాత్రికీ ఉగాదికీ మధ్య, ఎండ ముదరక ముందే, ఇంటిని పైనుంచి కిందికి చూసుకోవాలి. శ్లాబు నల్లబడిందా, నెర్రెలున్నాయా అన్నది ముందు చూడాలి. నెర్రెలు పూడ్చి, కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేస్తే ఎండలో పెద్ద భాగం తిరిగి ఆకాశంలోకే పోతుంది. ఇలాంటి తెల్లకప్పులతో గది వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గవచ్చని దేశంలోని కూల్‌ రూఫ్‌ కార్యక్రమాలు చెబుతున్నాయి. మన దుమ్ముకు ఆ తెలుపు త్వరగా మాస్తుంది కాబట్టి వేసవి నడిమధ్యలో ఒకసారి ఊడ్చి తుడవాల్సిందే. రోజూ సాయంత్రం శ్లాబు మీద నీళ్లు కుమ్మరించడం నేను సమర్థించను. తాగునీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ప్రాంతంలో అది తగని పని. పైగా నెర్రెల్లోకి నీరు దిగి లోపలి కడ్డీ తుప్పు పడుతుంది.

రేకుల ఇంటికి పూత ఒక్కటే చాలదు. రేకు మీద జానెడు ఎడం వదిలి బోదగానీ, తడికెలుగానీ, నర్సరీల్లో వాడే పచ్చ వలగానీ కప్పాలి. మధ్యలో గాలి ఆడటమే అక్కడ కీలకం. పడమటి గోడకు పందిరి వేయాలి. నల్లటి కడప బండ ఇంట్లో నీడన ఉంటే కాళ్లకు చల్లన, వాకిట్లో ఎండలో ఉంటే రాత్రి దాకా సెగ. దాని మీద నీడ పడేలా చూసుకోవడం కూడా ఈ తనిఖీలో భాగమే. మన గాలి పొడిగా ఉంటుంది కనుక కూలర్‌ ఇక్కడ విజయవాడలో కంటే ఎంతో బాగా పనిచేస్తుంది. కాకపోతే ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. మూసిన గదిలో పెడితే ఉక్కపోతే మిగులుతుంది.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. పాత సన్న వైరుకే ఏసీ తగిలించడం, వదులైన అతుకులు, కాలిన సాకెట్లు అగ్ని ప్రమాదాలకు మూలం. ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్తింగ్‌ కూడా బలహీనపడుతుంది. ఎర్త్‌ గుంతలో నీళ్లు పోయడం చాలామంది మర్చిపోతారు.

ఇదంతా ఇంటి యజమాని చేసుకోగలిగిన పని. అద్దెకుండేవాళ్ల మాటేమిటి? మిద్దె మీద రేకులు వేసి విద్యార్థులకు అద్దెకిచ్చిన గదుల మాటేమిటి? ప్రభుత్వం పూనుకోవాల్సింది ఇక్కడే. తెలంగాణ 2023లో కూల్‌ రూఫ్‌ విధానం తెచ్చింది. నివాస గృహాల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకు అది తప్పనిసరి. ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్‌ సంహిత కూడా పెద్ద స్థలాలనే దృష్టిలో పెట్టుకుంది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన కాలనీల్లో పేదవాడికి దక్కింది పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటంటే 48 గజాల చిల్లర. వేడి ఎక్కువగా తినే ఇల్లు ఏ నిబంధనకూ అందనంత చిన్నది.

గ్రామ, వార్డు సచివాలయాల్లో 2019 నుంచీ ఇంజినీరింగ్‌ అసిస్టెంట్లు, వార్డు ఎమినిటీస్‌ కార్యదర్శులు ఉన్నారు. ఫిబ్రవరిలో వాళ్లతో ఇంటింటి తనిఖీ చేయించాలి. కప్పు ఏ రకం, పడమట నీడ ఉందా, వైరింగు ఎలా ఉంది, ఒంటరి వృద్ధులు, బాలింతలు, మంచం పట్టినవాళ్లు ఎవరెవరు అన్నవి రాసుకోవాలి. రేకుల ఇళ్లకు, సెంటు కాలనీలకు సున్నం, కూలి ఖర్చు ప్రభుత్వమే భరించాలి. హాస్టళ్ల లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు పై గదుల్లో రాత్రి ఎనిమిదింటికి థర్మామీటరు పెట్టి చూడాలి. కొత్త ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు సెట్‌బ్యాకులతో పాటు మిద్దె మీద ఏ పూత వేస్తారో, పడమటి గోడకు నీడ ఎలా కల్పిస్తారో కూడా రాయించుకోవాలి. మార్చి దాటాక తనిఖీకి వెళితే అప్పటికే కప్పు కింది గదుల్లో వృద్ధులు సొమ్మసిల్లి ఉంటారు.