కప్పు వచ్చింది.. క్లబ్బు నిలవలేదు!

హైదరాబాద్: 2019లో పుణె జట్టు స్థానంలో ఐఎస్‌ఎల్‌లో అడుగిడిన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ రాకతో దశ తిరిగింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో 3-1తో ఓడించి విజేతగా నిలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకున్నాడు.

ఆ వైభవం నిలువలేదు. వేతన బకాయిలతో ప్రధాన ఆటగాళ్లు వైదొలగగా, 2023-24లో ఒకే ఒక్క విజయంతో మళ్లీ చివరి స్థానమే దక్కింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు, కోచ్ రహీం శిక్షణలో ఈ నేలపైనే ఎదిగింది. పెట్టుబడితో వచ్చిన జట్టు పెట్టుబడి బాటనే పట్టింది. స్థానిక లీగులకు జీవం పోయనిదే నగర ఫుట్‌బాల్‌కు పూర్వవైభవం దక్కదు.