మొక్కల లెక్క మిరుగు నాడు తియ్యాలి

మే నెలాఖరులో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటితే ఇక్కడెవరూ దాన్ని వార్తగా తీసుకోరు. రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదైన ఊళ్ల పేర్లు చదివేటప్పుడు మన పేరు రాకపోతేనే ఆశ్చర్యం. 2015 మే నెలలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. పైన ఎండ, ఒకవైపు కరెంటు కేంద్రం, ఇంకోవైపు ఓపెన్‌కాస్టుల దుమ్ము, పొద్దుగూకినా చల్లారని మట్టిగుట్టలు. ఇటువంటి వారంలో తోటపని గురించి రాయడమేమిటని అడిగేవాళ్లుంటారు. తోటకు అసలు పని ఈ వారంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. జూలైలో ఎవరు మొక్క పెట్టినా వాన సాకుతుంది. అది చెట్టవుతుందా పుల్లవుతుందా అన్నది రోహిణి కార్తెలో తేలుతుంది.

మంథని రోడ్డులో కమాన్‌పూర్ దాటాక మాకు పది గుంటల చెలక ఉంది. ఎర్రటి ఇసుక నేల, పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. ఈ రోజుల్లో అక్కడ పని పొద్దున ఆరింటికి మొదలై ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. మళ్లీ పొద్దు వాలాకే నీళ్లు. ఎండలో పని చేస్తే మనిషికీ ముప్పే, మొక్కకూ లాభం లేదు.

ఈ వారం మొదటి పని వరిగడ్డి తెచ్చుకోవడం. యాసంగి కోతలు అయిపోయాయి. మిషను కోసి వదిలిన గడ్డి మడుల్లో వరుసలు వరుసలుగా పడి ఉంది. వానాకాలం దున్నకానికి అడ్డమని చాలామంది దాన్ని అక్కడే అంటుబెడుతున్నారు. సుల్తానాబాద్ నుంచి మంథని దాకా ఏ రోడ్డు మీద పోయినా సాయంత్రం పొగే. అడిగితే కాదనే రైతు లేడు, ట్రాలీ కిరాయి పెట్టుకుంటే చాలు. ఆ గడ్డిని పాదు చుట్టూ నాలుగు వేళ్ల మందాన పరిచి, మొక్క మొదలుకు తగలకుండా జానెడు ఖాళీ వదలాలి. తగిలితే చెదలు పడతాయి. మధ్యాహ్నం గడ్డి లేని చోట మన్ను మీద అరచెయ్యి పెట్టి నిలపలేం. గడ్డి ఎత్తి దాని కిందికి వేళ్లు పోనిస్తే రాత్రి పోసిన తడి ఇంకా తగులుతుంది. రోజూ పోసే నీళ్లు రోజు విడిచి రోజు పోస్తే సరిపోతాయి.

దూరంగా ఉన్న మొక్కలకు కుండలు పాతాము. ఇప్పుడు రంజన్ల సీజను కదా, మూతి పగిలిన కుండలు కుమ్మరి దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి. మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, పైన రాతిబిళ్ల మూత పెడతాం. పచ్చికుండ కాదు కాబట్టి కరగదు, మెరుగు పూత లేదు కాబట్టి సన్నగా చెమరుస్తూనే ఉంటుంది. వేరు ఆ చెమ్మను వెతుక్కుంటూ వచ్చి కుండను చుట్టుకుంటుంది. రెండు వేల ఏళ్ల కిందట చైనాలో ఫాన్ షెంగ్‌జీ అనే వ్యవసాయ పండితుడు ఈ పద్ధతినే తన పుస్తకంలో రాసిపెట్టాడు. నీళ్లకు కరువున్న ప్రతి నేలకూ ఈ తెలివి అవసరమైంది. మనకైతే ఇంకా అవసరం. ఓపెన్‌కాస్టు లోతుకు పోయినకొద్దీ చుట్టుపక్కల భూమిలోని నీరు ఆ గొయ్యి వైపు జారుతుంది, దాన్ని పంపులతో తోడి పారేస్తేనే కింద బొగ్గు పని సాగుతుంది. బావుల్లో నీళ్లు దిగిన ఊళ్లకు చెంబెడు నీళ్లను రెండు రోజులు నిలిపే కుండ చిన్న విషయం కాదు.

మడుల్లో టమాట పని అయిపోయింది. ఈ వేడికి పూత నిలవదు, పుప్పొడి పనికిరాకుండా పోతుంది. ఎరువు ఎంత వేసినా వృథా. నెల మొదట్లోనే పీకేశాం. వేళ్లకు బుడిపెలు కనబడ్డాయి, అంటే నేలలో నులిపురుగులున్నాయి. ఆ మడిని బాగా తడిపి, లోపలిది కనబడే పల్చని పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల మీద మన్ను ఎగదోశాం. నాలుగు నుంచి ఆరు వారాలు అట్లా ఉంటే లోపలి మన్ను ఉడికి, నులిపురుగుల గుడ్లు, ఎండుతెగులు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. తుంగ మాత్రం లొంగదు, దాన్ని గడ్డతో సహా తవ్వాల్సిందే. గోకరకాయ, వంకాయ, తోటకూర, పుంటికూర గ్రీన్ నెట్ నీడలో తట్టుకుంటున్నాయి. గంగవాయిలి కూరకు నెట్టు కూడా అక్కర్లేదు. చిక్కంతో మామిడికాయలు దింపడం, తొక్కుకు పంచిపెట్టడం అయింది. బీర, ఆనిగెపు గింజలు బూడిదలో కలిపి డబ్బాల్లోకి చేరాయి, మిరుగు (మృగశిర కార్తె) దాకా వాటికి పని లేదు.

బూడిద అంటే కట్టెల బూడిద. మన దగ్గర ఈ మాట గట్టిగా చెప్పాలి. కట్టెల పొయ్యి బూడిదలో పొటాష్ ఉంటుంది, చిక్కుడు మీద పేనుబంక పడితే చల్లుతాం. బొగ్గు బూడిద అది కాదు. అందులో ఆర్సెనిక్, సీసం, క్రోమియం వంటివి ఉంటాయి. ఇటుకకు, సిమెంటుకు బాగా పనికొస్తుంది. ఊరికే దొరుకుతుంది కదా అని కూరగాయల మడిలో పొయ్యొద్దు.

నిమ్మచెట్టు ఆకు మీద వేలు పెట్టి గీస్తే వేలికి నల్లటి పొడి అంటుకుంటుంది, ఆకు మీద పచ్చటి గీత పడుతుంది. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలను ఆ పొడి మూసేస్తుంది. వారంలో రెండు సాయంత్రాలు ఆకుల మీదికి నీళ్లు కొట్టి కడుగుతాం. బొగ్గు దుమ్ము పడే ఊళ్లలో ఇది సోకు కాదు, చెట్టుకు తిండి పెట్టడం.

మా పక్క చెలక ఒక కాకాది. బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్‌గా తట్ట మోసి రిటైరైనవాడు. క్వార్టరు వెనక తాను పెంచిన మామిడి, కరివేపాకు, మల్లెతీగ అన్నీ క్వార్టరుతో పాటే వదిలి వచ్చాడు. ఇప్పటికీ ఫస్ట్ షిఫ్టు మనిషి. మనం ఆరింటికి వెళ్లేసరికి గడ్డపారతో ఒక గుంత సగం దింపి ఉంటాడు.

“కాకా, ఇంత ఎండల ఎందుకు తవ్వుడు? నాలుగు వానలు పడ్డంక తవ్వచ్చు గద” అన్నాను.

“వానల తవ్విన గుంత ఎప్పుడు ఎండుతది బిడ్డా? అండ్ల పురుగు ఎట్ల సస్తది?” అన్నాడు.

మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. మొదటి అడుగు మన్ను కుడివైపు, కింది రెండడుగుల మన్ను ఎడమవైపు. రెండూ కలవనివ్వడు. కుడివైపు కుప్పలో చిన్న వేళ్లు, ఎండుటాకు ముక్కలు, వానపాముల బొరియల గుల్ల. ఎడమవైపుది మొరం, రాయి, జీవం లేని మన్ను. మొక్క పెట్టే రోజు కుడికుప్ప మన్నుకు పశువుల ఎరువు, వేపపిండి కలిపి వేరు చుట్టూ పోస్తాడు, ఎడమది గట్టు కట్టడానికి వాడతాడు. తారుమారైతే ఆ మొక్క ఎన్నేళ్లకూ లేవదు.

ఆ రెండు కుప్పలను చూసినప్పుడల్లా ఓపెన్‌కాస్టుల నుంచి ఎత్తిపోసిన మన ఓబీ మట్టిగుట్టలే గుర్తొస్తాయి. సింగరేణి 2023-24లో ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది. టన్నుకు సగటున ఐదు ఘనపు మీటర్లకు పైగా మట్టి, రాయి ఎత్తి పొయ్యాల్సి వస్తుంది. అందులో చాలావరకు ఇసుకరాయి. ఆ కింది రాయి గుట్టకు పైన చేరి, వందల ఏళ్లు పంట పండిన పైమన్ను అడుగున పడితే అక్కడ ఏ మొక్క నిలుస్తుంది? పైమన్నును వేరుగా తీసి, వేరుగా నిలవచేసి, గుట్ట మీద తిరిగి పరచాలన్నది గనులకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లోనే ఉండే షరతు. గని మూసేటప్పుడు భూమిని ఎట్లా అప్పజెప్పాలో ప్రణాళిక ముందే ఇవ్వాలని 2009లో కేంద్ర బొగ్గు శాఖ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాగితం మీద ఇంత ఉంది. నేను అడిగేదల్లా ఏ గుట్ట మీద ఎంత మందాన పైమన్ను పరిచారో ఆ ఊరివాళ్లకు కనబడేటట్టు బోర్డు మీద రాయమని. ఎత్తుగా కుప్పపోసి ఏళ్ల తరబడి ఉంచిన పైమన్ను కూడా లోపల గాలి ఆడక చచ్చిపోతుంది. తీసిన మన్ను తొందరగా పరవాలి. కాకా కుడికుప్పను రెండు వానాకాలాలు వదిలేస్తాడా?

మన్నుకు అడిగిన లెక్కనే మొక్కలకూ అడగాలి. మొక్కల పండుగలు మనకు కొత్త కాదు. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టింది జూలై మొదటి వారంలోనే. మన హరితహారం 2015 జూలై 3న మొదలైంది, 24 శాతం పచ్చదనాన్ని 33 శాతానికి తీసుకుపోవాలన్నది లక్ష్యం. ఏ సంస్థను అడిగినా ఏ సంవత్సరం ఎన్ని మొక్కలు పెట్టారో వెంటనే చెబుతుంది. పెట్టినవాటిలో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం చెబుతున్నాయి. మంచి చట్టాలు. అయితే బతికినవాటిని ఎప్పుడు లెక్కపెడతారు? సెప్టెంబరులో లెక్కపెడితే అన్నీ బతికే ఉంటాయి. ఎండాకాలం దాటినదే బతికినట్టు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన నాటిన చెట్ల గురించి అందరం మాట్లాడాం, ఎండాకాలం ఆయన చేసిన పని గురించి తక్కువ మాట్లాడాం. ఎండల్లో తిరిగి గింజలు ఏరడం, దాచడం, వానకు ముందే సిద్ధంగా ఉండటం ఆయన పద్ధతి. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో రైతు యాకూబా సవాడోగో కూడా గట్టిపడ్డ నేలలో ఎండాకాలమే గుంతలు తవ్వి, పెంట వేసి వాన కోసం కాచుకున్నాడు. ఊరివాళ్లు పిచ్చివాడన్నారు, పెంచిన అడవికి నిప్పు కూడా పెట్టారు. మళ్లీ పెంచాడు. ఇద్దరి పనీ జూలైలో ఫొటో దిగేది కాదు.

మన బొగ్గు బెల్టులో ఒక్క మార్పు చాలు. రామగుండం కార్పొరేషన్, సింగరేణి ఏరియాలు, చుట్టూ ఉన్న పంచాయతీలు మొక్కల లెక్కను మిరుగు నాడు, అంటే జూన్ 8న తియ్యాలి. పోయిన ఏడు పెట్టిన గుంత గుంతకూ పోయి, పచ్చగా ఉన్నదాన్నే రాసుకోవాలి. ఎండిపోయిన చోట కొత్త మొక్కకన్నా ముందు కారణం రాయాలి: నీళ్లు రాలేదా, పశువులు తిన్నాయా, మన్నే పనికిరానిదా. మొక్కల కోసం పెట్టే పైసల్లో సగం ఏప్రిల్, మే నెలల ట్యాంకరుకు, నీళ్లు పోసే మనుషుల కూలికి ముందే తీసిపెట్టాలి. ఎండకు భయపడి వాళ్లను పొద్దున, సాయంత్రమే పనికి పిలవాలి. గుట్టల మీద కానుగ, వేప, తంగేడు, మోదుగు వంటి మన నేల చెట్లకే మొదటి చోటు ఇవ్వాలి. బాయి దిగి ఊళ్లకు చేరిన కాకాలను అడిగితే ఏ చెలకలో ఏది నిలుస్తుందో చెబుతారు. ఇక ప్రతి తోట దగ్గరా మొక్క నాటినవారి పేరుతో ఉండే బోర్డు మీదనే, ఎండాకాలమంతా దానికి నీళ్లు పోసినవారి పేరు కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయాలి.